205 జీటీఐ కొనాలా, 5 జీటీ టర్బో కొనాలా? రెండూ ఉంచుకున్నవాడిగా నా మాట

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: యూకేలో ఉంటున్నారు, గ్యారేజీ లేదు, ఇంటి ముందు ఇంకో కారు పట్టే చోటు మాత్రం ఉంది. చూసిపెట్టుకున్నవి రెండు, రెండూ 1980ల నాటి చిన్న, చురుకైన ఫ్రెంచి కార్లు. ఒకటి డీలర్ దగ్గరున్న 1988 ప్యూజో 205 జీటీఐ 1.9 (అంటే 1.9 లీటర్ల ఇంజన్), గ్రాఫైట్ గ్రే. రెండోది ఒక పెద్దాయన ఇంట్లో ఉన్న 1989 రెనో 5 జీటీ టర్బో, ఫేజ్ 2 (1987లో మార్చిన రకం), తెల్లది. ఆదివారాలు సరదాగా నడుపుకోవాలి, పదేళ్ల తర్వాత అమ్మినా పెట్టిన డబ్బు మునగకూడదు, ఏది తీసుకోమంటారు అని.

నా దగ్గర 205 1.6 పదిహేడేళ్లుగా ఉంది. జీటీ టర్బో ఆరేళ్లు ఉంచుకుని అమ్మేశాను. అమ్మిన రోజు రాత్రి నిద్రపట్టలేదు, ఆ తర్వాతి వారమంతా మాత్రం చాలా హాయిగా పడుకున్నాను. ఈ రెండు బళ్ల గురించి నా అభిప్రాయం దాదాపు అంతే.

మీ పరిస్థితికి 205 కొనండి. ఆ డీలర్ దగ్గరున్న 1.9నే కొనమని మాత్రం అనట్లేదు, దాని సంగతి తర్వాత చెప్తా. పెద్దాయన జీటీ టర్బోని కొన్నా కొనకపోయినా ఈ వారమే వెళ్లి చూసి రండి, ఎందుకంటే మీరు రాసినట్టు అది నిజంగా ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే ఉంటే అలాంటిది మళ్లీ ఎప్పుడు కంటపడుతుందో తెలీదు. ఈ రెండు కార్లలోనూ అసలు రోగం వయసు కాదు. ముప్ఫై అయిదేళ్లలో ఎంతమంది చేతులు పడ్డాయి, ఎలాంటి చేతులు పడ్డాయి అన్నదే. 205 అలాంటివి కొంతవరకు ఓర్చుకుంటుంది. రెనో ఓర్చుకోదు.

నాకీ ఫ్రెంచి పిచ్చి అంటుకుంది ఇంగ్లండ్‌లో కాదు, విజయవాడలో. 1990లలో ప్రీమియర్ వాళ్లు ముంబై దగ్గర కల్యాణ్‌లో ప్యూజో 309 తయారుచేసేవారు, మీ వయసువాళ్లకి గుర్తుండకపోవచ్చు. మా బాబాయి దగ్గర డీజిల్ 309 ఉండేది. అంబాసిడర్ల వాళ్లు బ్రేకు కొట్టే గుంటల దగ్గర ఆయన గేరు కూడా మార్చకుండా వెళ్లిపోయేవాడు, వెనక కూర్చున్న మాకు ఒళ్లో ఉన్న టిఫిన్ క్యారియర్ కూడా కదిలేది కాదు. ఆ 309 కింద ఉన్నది 205 ప్లాట్‌ఫామే, తలుపులు కూడా 205 నుంచి తెచ్చుకున్నవే. ఆ 1.5 డీజిల్ ఇంజనే తర్వాత మారుతి జెన్‌లో, ఎస్టీమ్‌లో కూడా పెట్టారు. కాబట్టి మనవాళ్లు చాలామంది 205 అన్న పేరు వినకుండానే దాని చుట్టాలతో కాపురం చేశారు.

సరే, అసలు విషయానికొద్దాం. 205 వచ్చింది 1983లో, జీటీఐ 1984లో. మొదటిది 1580 సీసీ, ఫ్యూయల్ ఇంజెక్షన్, 105 హార్స్‌పవర్, బండి బరువు సుమారు 850 కిలోలు. 1986లో ఆ 1.6నే 115కి పెంచారు, అదే ఏడాది చివర్లో 1905 సీసీతో 130 హార్స్‌పవర్ 1.9 వచ్చింది. బయట్నుంచి తేడా పట్టాలంటే చక్రాలు చూడండి. 1.6కి 14 అంగుళాల అల్లాయ్‌లు, చుట్టూ చిల్లులుంటాయి, ఇక్కడివాళ్లు వాటిని మిరియాల డబ్బా అంటారు. 1.9కి 15 అంగుళాల స్పీడ్‌లైన్ కంపెనీ అల్లాయ్‌లు. 1.9కి వెనక కూడా డిస్కు బ్రేకులు, 1.6కి వెనక డ్రమ్ములే.

రెనో కథ వేరు. 1984లో వచ్చిన కొత్త రెనో 5, అంటే సూపర్‌సాంక్, దాని రూపం గీసింది మార్చెల్లో గాందీని. లంబోర్గిని మియురా, కౌంటాక్ గీసిన చెయ్యే. 1985లో దానికి జీటీ టర్బో వచ్చింది. బానెట్ తెరిస్తే మాత్రం లోపల ఉన్నది 1962లో మొదలైన ఇంజన్ కుటుంబం, పోత ఇనుము బ్లాకు, పుష్‌రాడ్లు, కార్బురేటర్, 1397 సీసీ. దానికి గారెట్ టీ2 టర్బో (ఎగ్జాస్ట్ పొగతో తిరిగి ఇంజన్‌లోకి అదనపు గాలి తోసేది), ముందు ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఒకటి తగిలించి 115 హార్స్‌పవర్ లాగారు, 1987లో ఫేజ్ 2కి 120 చేశారు. ఇంట్లో ఉన్న పాత రుబ్బురోలుకే మోటారు బిగించినట్టు. నవ్వకండి, పిండి బ్రహ్మాండంగా నలుగుతుంది. అప్పట్లో టర్బో అంటే రెనో వాళ్లకి ఇంటి విద్య లాంటిది, 1977లో ఫార్ములా వన్‌కి టర్బో మొదట తెచ్చింది వాళ్లే, 1979లో ఫ్రాన్స్‌లోని దిజోన్‌లో వాళ్ల డ్రైవర్ జబూయ్ దాంతో మొదటి గెలుపు తెచ్చాడు.

ఒక్క మాట ఇక్కడే చెప్పేయాలి, అమ్మేవాళ్లు ర్యాలీ కథలు చెప్పి ధర పెంచుతారు. 205 టర్బో 16 వేరే బండి. ఇంజన్ మధ్యలో, నాలుగు చక్రాలకీ డ్రైవ్, ర్యాలీలో దిగాలంటే ఇన్ని బళ్లు తయారుచేయాలన్న నిబంధన కోసం 200 చేశారు, 1985లో సలోనెన్, 1986లో కాంకునెన్ దాంతోనే ప్రపంచ ర్యాలీ చాంపియన్లయ్యారు. మీరు కొనే జీటీఐకీ దానికీ పోలిక పేరూ, ముఖమూ. అలాగే 1980లో వచ్చిన రెనో 5 టర్బో, వెనక సీటు స్థానంలో ఇంజన్ ఉండేది, అదీ వేరు. కానీ జీటీ టర్బోకి తన సొంత ఘనత ఒకటుంది, దాన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. 1989 ఐవరీ కోస్ట్ ర్యాలీలో అలాన్ ఒరేయ్ గ్రూప్ ఎన్ జీటీ టర్బోతో, అంటే షోరూమ్ బండికి బాగా దగ్గరగా ఉన్న కారుతో, మొత్తం ర్యాలీయే గెలిచాడు. ప్రపంచ చాంపియన్‌షిప్ ర్యాలీని గ్రూప్ ఎన్ కారు గెలిచింది ఆ ఒక్కసారే.

నడపడం ఎలా ఉంటుందంటే. 205లో కూర్చోగానే మొదట అనిపించేది అద్దాలు ఎంత పెద్దవో, చుట్టూ ఎంత బాగా కనిపిస్తుందో. స్టీరింగ్‌కి పవర్ లేదు (చివరి రోజుల్లో కొన్నిటికి ఇచ్చారు), పార్కింగ్‌లో చేతులు నొప్పెడతాయి, కానీ ముప్ఫై మైళ్లు దాటాక రోడ్డు మీద ఏ రాయి ఉందో అరచేతికి తెలుస్తుంది. మలుపులో గట్టిగా వెళ్తే లోపలివైపు వెనక చక్రం గాల్లోకి లేస్తుంది, కుక్క స్తంభం దగ్గర కాలెత్తినట్టు. పాత ఫొటోల్లో మీరూ చూసే ఉంటారు. ఇక్కడే ప్రమాదం కూడా ఉంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారా, బరువంతా ముందుకి పోతుంది, వెనక భాగం తేలికై జారిపోతుంది. నాకు మొదటి నెలలోనే జరిగింది. సన్నగా వాన, మూడో గేరులో ఒక రౌండబౌట్, నేననుకున్నదానికన్నా బిగుతుగా ఉంది. అలవాటుగా కాలు తీశాను. ఒక్క క్షణంలో నేను వచ్చిన రోడ్డునే చూస్తున్నాను, ఇంజన్ ఆగిపోయింది, వైపర్లు మాత్రం తిరుగుతున్నాయి. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి ఇప్పుడిది రాస్తున్నాను. మంచి టైర్లు వేయిస్తే ఈ జబ్బు సగం తగ్గుతుంది, చాలామంది లక్షలు పోసి బండి కొని పదేళ్ల నాటి టైర్లతో తిప్పుతారు, అదేం పిసినారితనమో నాకర్థం కాదు.

1.6కీ 1.9కీ మధ్య గొడవ ఎప్పుడూ ఉండేదే. మార్కెట్ 1.9ని నెత్తిన పెట్టుకుంటుంది. కింద నుంచే లాగుతుంది, మోటార్‌వే మీద సుఖం, సగం తోలు సీట్లు. నాకు మాత్రం 1.6 ఇష్టం. గేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఇంజన్ పైకి పరిగెత్తడానికి ఉవ్విళ్లూరుతుంటుంది, పల్లెటూరి రోడ్ల మీద నలభై యాభై మైళ్ల వేగంలోనే దాని మజా అంతా దొరుకుతుంది. అదే డబ్బుకి నలిగిన 1.9కన్నా శుభ్రమైన 1.6 దొరుకుతుంది. కళ్లు మూసుకుని అదే తీసుకోండి.

జీటీ టర్బో దీనికి పూర్తిగా ఉల్టా. మూడు వేల ఆర్‌పీఎం లోపల అదొక మామూలు చిన్న కారు, మార్కెట్‌కి వెళ్లి కూరగాయలు తెచ్చుకోవచ్చు. దాటిందంటే వెనక నుంచి ఎవరో రెండు చేతుల్తో తోసినట్టు వస్తుంది పికప్, స్టీరింగ్ చేతుల్లో గింజుకుంటుంది, 13 అంగుళాల చక్రాలు పట్టుకోసం వెతుక్కుంటాయి. కాగితం మీద వేగాలు చూస్తే 1.9కీ దీనికీ పెద్ద తేడా లేదు, రెండూ సుమారు ఎనిమిది సెకన్లలో వంద కిలోమీటర్లు అందుకునేవే, కానీ మనసుకి రెనోయే వేగంగా అనిపిస్తుంది. మా ఆవిడ ఒక్కసారి ఎక్కి, దిగాక, ఇది కారా, ఇంకేమన్నానా అని అడిగి మళ్లీ ఎక్కలేదు.

ఇప్పుడు కొనేటప్పుడు ఏం చూడాలో.

205లో అన్నిటికన్నా ముందు వెనక బీమ్. వెనక చక్రాలు పట్టుకున్న ట్రెయిలింగ్ ఆర్మ్‌లు రెండూ ఒక అడ్డ గొట్టంలో నీడిల్ బేరింగుల మీద ఊగుతుంటాయి, స్ప్రింగులకి బదులు టోర్షన్ బార్లు, అంటే మెలితిరిగి పనిచేసే కడ్డీలు. ఏళ్లు గడిచేకొద్దీ సీళ్లు ఎండిపోయి లోపలికి నీళ్లు పోతాయి, ఇంగ్లండ్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుతో కలిసి. గ్రీజు పోతుంది, సూదుల్లాంటి ఆ బేరింగులు తుప్పుపట్టి పొడి అవుతాయి, అవి తిరిగే షాఫ్టు కూడా అరిగిపోతుంది. ఇది తెలుసుకోవడానికి కారు లేపక్కర్లేదు. చదునైన చోట ఆపించి పది అడుగులు వెనక్కి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని చూడండి. వెనక చక్రాల పైభాగాలు లోపలికి వాలి, కింది భాగాలు బయటికి వచ్చి ఉంటే, అప్పుడే పుట్టిన దూడ కాళ్లు చాపి నిలబడ్డట్టు కనిపిస్తే, బీమ్ పోయినట్టే. కొద్దిగా వాలడం మామూలే, రెండు చక్రాలూ ఒకేలా ఉండాలి. తర్వాత డిక్కీ మూలని కిందికి నొక్కి వదలండి, కిర్రుమని మూలిగితే అనుమానించండి. టైరు లోపలి అంచు అరిగిందేమో చెయ్యి పెట్టి తడిమి చూడండి. బాగుచేయించలేనిది కాదు, బాగుచేసిన బీమ్‌లు మార్పిడికి ఇచ్చే స్పెషలిస్టులు ఇక్కడ ఉన్నారు, కానీ ఆ ఖర్చు ధరలోంచి తగ్గించుకోవాల్సింది మీరు. కొందరు 309 జీటీఐ బీమ్ వేయిస్తారు, కాస్త వెడల్పు, బండి ఇంకా బాగా నిలబడుతుంది. నడుపుకునేవాడికి మంచిదే, పాత కార్లు సేకరించేవాళ్లకి అమ్మేటప్పుడు మాత్రం పాత బీమ్ షెడ్డులో దాచిపెట్టి ఉంటేనే విలువ.

205లో మిగతావి చిన్నవి. గేరు రాడ్ల చివర్న ప్లాస్టిక్ జాయింట్లు ఊడిపోతాయి, ట్రాఫిక్‌లో గేరు కర్ర గంటెలా తిరుగుతుంది, కంగారుపడకండి. ఐడ్లింగ్ పైకీ కిందికీ ఊగుతుంటే ఎక్కడో గాలి లీకు. డాష్‌బోర్డు గలగలలాడుతుంది, అది రోగం కాదు, స్వభావం. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క, ఈ బళ్లు మైళ్లు తిరగవు కాబట్టి బెల్టుకి వయసు చూడాలి. 1.9ని ట్రాక్ మీదికి తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఆయిల్ ఎప్పుడూ నిండుగా ఉంచండి, పొడవాటి మలుపుల్లో ఇంజన్ అడుగు తొట్టిలో ఆయిల్ పక్కకి పోయి క్రాంకు దగ్గరి బిగ్ ఎండ్ బేరింగులు ఎండిపోతాయి.

రెనోకి వస్తే దాని శత్రువు వేడి. టర్బో కక్కే గాలి ఇంటర్‌కూలర్ గుండా వచ్చి కార్బురేటర్‌లోకే దూరుతుంది, అంటే కార్బురేటర్ మొత్తం ఒత్తిడిలో ఉంటుంది, పెట్రోల్ ప్రెషర్ ఆ ఒత్తిడి కన్నా ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉండాలి. ఎక్కడ ఒక డయాఫ్రమ్ చిరిగినా, ఒక రబ్బరు గొట్టం పగిలినా, గట్టిగా తొక్కినప్పుడు పెట్రోల్ తక్కువై మిశ్రమం పలచబడుతుంది, లోపల మంట మితిమీరి హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య సీలు) గానీ పిస్టన్ గానీ పోతుంది. ఫ్యాక్టరీ బూస్ట్, అంటే టర్బో గాలిని తోసే ఒత్తిడి, సుమారు 0.7 బార్. 1990లలో కుర్రాళ్లు చిన్న బ్లీడ్ వాల్వ్ ఒకటి కొని గొట్టంలో పెట్టి దాన్ని ఎంతకంటే అంతకి పెంచేశారు, పెట్రోల్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు అమ్మకానికి కనిపించే జీటీ టర్బోల్లో చాలావరకు ఆ కుర్రాళ్ల చేతుల్లోంచి వచ్చినవే. అందుకే ఎవరి చెయ్యీ పడని బండి ఉందంటే వెళ్లి చూడమంటున్నాను.

రెండో సమస్య, వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ అవ్వకపోవడం. ఒక జూలై మధ్యాహ్నం మోటార్‌వే దిగి బంకులో పెట్రోల్ కొట్టించాను. లోపలికి వెళ్లి డబ్బు కట్టి, మావాడికి ఐస్‌క్రీం కొని వచ్చేసరికి పది నిమిషాలు. సెల్ఫ్ కొడితే ఇంజన్ గిర్రున తిరుగుతోంది తప్ప అందుకోవట్లేదు. వెనక క్యూలో వాళ్లు హారన్ కొట్టరు, ఇంగ్లీషువాళ్లు కదా, ఊరికే చూస్తారు, అది ఇంకా సిగ్గు. బానెట్ తెరిస్తే సెగ ముఖానికి కొట్టింది. కార్బురేటర్ దగ్గర చెవి పెడితే లోపల బుడబుడమని చప్పుడు, పొయ్యి మీద ఎసరు మరిగినట్టు. పెట్రోల్ నిజంగానే మరుగుతోంది. ఎగ్జాస్టూ, టర్బో, కార్బురేటర్ అన్నీ ఇంజన్‌కి ఒకే పక్క ఇరుక్కుని ఉంటాయి మరి. రెనో వాళ్లకి ఈ సంగతి తెలుసు, అందుకే ఇంజన్ ఆపాక కూడా కార్బురేటర్ మీదికి గాలి ఊదే చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టారు. నా బండిలో ఆ ఫ్యాన్ వైరుని ముందు యజమాని పీకేశాడు, చప్పుడు చేస్తోందని. యాక్సిలరేటర్ నేలకి తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడుతూనే ఉంటే ఆఖరికి నల్లపొగతో లేచింది, ఐస్‌క్రీం అప్పటికే సీటు మీద ఉంది.

మీరు పెద్దాయన దగ్గరికి వెళ్లినప్పుడు ఇదే పరీక్ష పెట్టండి. ఇరవై నిమిషాలు బాగా నడిపి, వచ్చి ఆపి, టీ తాగుతూ కబుర్లు చెప్పి, పావుగంట తర్వాత స్టార్ట్ చేయమనండి. ఆపగానే ఆ ఫ్యాన్ తిరుగుతోందా వినండి. ఫేజ్ 2 టర్బోకి నీళ్ల కూలింగ్ కూడా ఉంది కాబట్టి మీరు చూసింది ఆ రకంగా మెరుగే, ఫేజ్ 1లో ఆయిల్ ఒక్కటే దిక్కు, వేగంగా వచ్చి టక్కున ఆపేస్తే బేరింగ్ దగ్గర ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఏ ఫేజ్ అయినా ఆపేముందు ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచడం అలవాటు చేసుకోండి.

రెండిటికీ కలిపి ఒక మాట. రెండు ఇంజన్లలోనూ సిలిండర్ లైనర్లు, అంటే పిస్టన్లు ఆడే గొట్టాలు, విడివిడిగా నీళ్లలో నిలబడి ఉంటాయి. హెడ్ విప్పినప్పుడు వాటిని క్లాంపులతో బిగించకుండా క్రాంకు తిప్పితే అడుగున సీలు వదులుతుంది, కొత్త గాస్కెట్ వేసినా నీళ్లు ఆయిల్‌లోకి దిగుతాయి. హెడ్ గాస్కెట్ మార్పించాం అని గర్వంగా చెప్తే, ఎవరు చేశారు, లైనర్లు బిగించారా అని అడగండి. అమ్మేవాడు నోరెళ్లబెడితే జవాబు వచ్చేసినట్టే.

తుప్పు సంగతి. 205లో బ్యాటరీ కింద, ముందు కాళ్ల దగ్గర నేల, డిక్కీ తలుపు ప్లాస్టిక్ వెనక, వెనక లైట్ల లోపలివైపు చూడండి. రెనోలో సిల్స్ (తలుపుల కింది అంచు రేకులు), నేల, వీల్ ఆర్చ్‌లు. కానీ రెనోకి చుట్టూ ప్లాస్టిక్ స్కర్టులున్నాయి, ఫేజ్ 1లో బూడిద రంగువి, ఫేజ్ 2లో బాడీ రంగువి, వాటి వెనక ఏముందో పైనుంచి తెలీదు. నాది అప్పుడే రిస్టోర్ చేసిందని కొన్నాను, ఒక షెడ్డు వాళ్లు చేశారు, పేరెందుకులెండి. పెయింటు అద్దంలా మెరిసేది. రెండేళ్లకి ఒక స్కర్టు వదులైతే విప్పాను. స్క్రూడ్రైవర్ సిల్‌కి ఆనించగానే పిడి దాకా దిగింది. లోపల ఫోమ్, పైన పుట్టీ, దాని పైన పెయింటు. రేకు అన్నది లేదు. ఆ వెల్డింగ్ బిల్లు కారు ధరలో సగం అయింది. అందుకే ఫొటోల ఆల్బమ్ లేని రిస్టోరేషన్‌ని నేను నమ్మను. స్కర్టు ఒక పక్కైనా విప్పనివ్వని అమ్మకందారుకి నమస్కారం పెట్టి వచ్చేయండి. పాత పెయింటు మాసిపోయి, చిన్న తుప్పు బయటికే కనిపిస్తున్న బండి దానికన్నా వెయ్యి రెట్లు మేలు.

అసలుదా నకిలీదా అన్నది 205లో ఎక్కువ. మామూలు 205కి జీటీఐ తొడుగులు వేసినవి, 1.6లో 1.9 ఇంజన్ దించినవి చాలా ఉన్నాయి. ఇంజన్ మీద కోడ్ చూడండి: 115 హార్స్‌పవర్ 1.6కి బీ6డీ, 130 హార్స్‌పవర్ 1.9కి డీ6బీ, కాటలిటిక్ కన్వర్టర్‌తో వచ్చిన తర్వాతి 1.9కి డీకేజెడ్. అది లాగ్‌బుక్‌తో, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రంతో కలవాలి. 16 వాల్వుల ప్యూజో 405 కారు ఇంజన్ వేసినవి నడపడానికి భలే ఉంటాయి, పెట్టుబడి అనుకుని మాత్రం కొనకండి. రెనోలో ఇంజన్ సీ1జే, అక్కడ చూడాల్సింది ఇంజన్ నంబరు కన్నా ఒరిజినల్ ఎయిర్ బాక్సు, ఇంటర్‌కూలర్, గొట్టాలు, ఆ చిన్న ఫ్యాన్ ఉన్నాయా అని. ఫ్యాన్ ఉండి, తిరుగుతుంటే ఆ బండిని ప్రేమించినవాడు ఒకడున్నాడని అర్థం.

విడిభాగాలు 205కి తేలిక. అంత ఎక్కువగా తయారైంది, దాదాపు 53 లక్షల 205లు చేశారు, పైగా ప్యూజో వాళ్లే తమ పాత కార్ల విభాగం ద్వారా కొన్ని భాగాలు మళ్లీ తయారుచేస్తున్నారు. రెనోకి మెకానికల్ భాగాలు దొరుకుతాయి, ఒరిజినల్ స్కర్టులూ, లోపలి సీటు గుడ్డా, డాష్‌బోర్డు ముక్కలూ దొరకాలంటే క్లబ్బుల్లో మనుషుల్ని పరిచయం చేసుకోవాలి. పెట్రోల్ రెండిటికీ ఇథనాల్ తక్కువుండే ఈ5 సూపరే కొట్టించండి, ఈ10లో ఉన్న ఎక్కువ ఇథనాల్ పాత రబ్బరు గొట్టాల్ని తినేస్తుంది, రెనో కార్బురేటర్‌కి అయితే మరీను.

టాక్సు సంగతి అడిగారు. యూకేలో నలభై ఏళ్లు నిండిన కారుకి రోడ్ టాక్స్ ఉండదు, పెద్ద మార్పులు చేయకపోతే ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష ఎంవోటీ కూడా తప్పనిసరి కాదు. 1984లో తయారైన 205లకి 2025 ఏప్రిల్ నుంచి ఆ టాక్స్ వెసులుబాటు వచ్చింది. మీరు చూసిన రెండూ 1988, 1989వి కాబట్టి ఇంకా టైముంది, అప్పటిదాకా లండన్‌లోకి తీసుకెళ్తే పాత బళ్ల పొగకి వేసే యూలెజ్ రుసుము రోజుకి 12.50 పౌండ్లు కట్టాలి. ఇన్సూరెన్స్ క్లాసిక్ పాలసీ తీసుకుని విలువ ముందే రాయించుకోండి, లేకపోతే ఏదైనా జరిగితే పాత చిన్న కారు ధర చేతిలో పెడతారు. ట్రాకర్ పెట్టించండి. ఈ రెండు మోడళ్లనీ దొంగలు 1990లలోనే బాగా ఇష్టపడ్డారు, ఇప్పుడు విడిభాగాల రేట్లు చూసి మళ్లీ ఇష్టపడుతున్నారు. గ్యారేజీ లేని ఇంటి ముందు, ఒక కిటికీ పగలగొట్టి వైర్లు కలిపితే స్టార్టయ్యే బండి ఇది. (రెనో అయితే వేడిగా ఉన్నప్పుడు దొంగకి కూడా స్టార్ట్ అవ్వదు, అదొక్కటే సెక్యూరిటీ.)

డబ్బు మునగకూడదు అన్నారు కదా, ధరల అంకెలు నేను రాయను, రాసిన ఆరు నెలలకి తప్పవుతాయి. ఒక్కటి చెప్తా. 205 అమ్మాలనుకుంటే ఏ వారమైనా కొనేవాడు దొరుకుతాడు. జీటీ టర్బోకి కొనేవాళ్లు తక్కువ, కానీ ఆ వచ్చేవాళ్లు ఒరిజినల్ బండి కోసం ఎంతదూరమైనా వస్తారు, మార్చిన బండిని మాత్రం తిరిగి చూడరు. నా వెల్డింగ్ బిల్లులూ ఫొటోలూ అన్నీ ఫైల్లో పెట్టి ఉంచాను కాబట్టే నాది అమ్ముడుపోయింది, కొన్నాయన స్కాట్లండ్ నుంచి రైల్లో వచ్చాడు, కారు చుట్టూ ఒక్కసారే తిరిగాడు, ఫైలు మాత్రం గంటసేపు చదివాడు.

మీ ఇద్దరు అమ్మకందారుల్లో డీలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు చెప్పకుండా పొద్దున్నే వెళ్లి ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే చల్లటి స్టార్ట్‌లో దాచాల్సిందేదో ఉన్నట్టు. ఎంవోటీ చరిత్ర ప్రభుత్వ సైట్‌లో ఉచితంగా కనిపిస్తుంది, నంబరు కొట్టి మైళ్లు ఏటేటా వరుసగా పెరిగాయా, వెనక సస్పెన్షన్ గురించి ఏమన్నా రాశారా ముందే చూసుకోండి. పెద్దాయనతో బేరం మొదటి రోజే ఆడకండి, ఆయన కారు గురించి మాట్లాడనివ్వండి. చూసొచ్చాక 205 వెనక నుంచి నేల మట్టంలో తీసిన ఫొటో ఒకటి, రెనో బానెట్ కింద ఎడమవైపు, కుడివైపు ఒక్కో ఫొటో పెట్టండి బ్రదర్. బీమ్ సంగతీ, ఆ ఫ్యాన్ సంగతీ చూసి చెప్తాను.